స్మరణమను ఋణము: ఎలిజబెత్ కెక్లీ చరిత్ర

గతించినవారిని స్మరించుట ధర్మమని మన పెద్దలు చెప్పుదురు. ఆబ్దికమునాడు మూడు తరములవారి పేరులు చెప్పి తిలోదకములు విడుచు ఆచారము మన యిండ్లలో నేటికిని కలదు. కాని యా మూడు తరములకు పైవారి పేరులు మనలో నెందఱికి తెలియును? పురుషుల పేరులే నిలువని చోట, ఆ యిండ్లలో వంటచేసి, బట్టలు కుట్టి, పిల్లలచేత అక్షరములు దిద్దించి వెళ్లిపోయిన స్త్రీల పేరులు నిలువకుండుట వింత కాదు. వింత కాదు సరే, అది న్యాయమేనా? స్మరించుట కేవలము ప్రీతికి సంబంధించినదా, లేక న్యాయమునకు సంబంధించినదా? ఒకని జీవితమును స్మరించువారు ఆ జీవించినవానికి ఏమైన బాకీపడియున్నారా? ఈ ప్రశ్నలనే మే మీ వ్యాసమున విచారింపదలచితిమి.

స్త్రీల చరిత్రలు వ్రాయుట మన భాషకు క్రొత్త కాదు. ఇరువదవ శతాబ్దారంభముననే బండారు అచ్చమాంబగారు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించి, స్త్రీల జీవితములును చరిత్రయందు చేరదగినవే యని తెలుగువారికి చూపిరి. అట్టి గ్రంథము వెలువడి నూఱేండ్లు దాటినను, చరిత్రకెక్కుటకు స్త్రీ రాణియో, విదుషియో, మహాపురుషుని భార్యయో కావలెనను తలంపు మనలో పూర్తిగా నశింపలేదు. చేతిపనిచేసి బ్రదికినవారిని తలచుకొనునపుడు మనము వారి పేరు చెప్పము. ఫలానివారి యింట పనిచేసినది, ఫలానివారికి రవికలు కుట్టినది అందుము. అనగా వారి జీవితమునకు యజమానులు వేఱొకరైనట్లు మాటలాడుదుము.

మాటలలో మాత్రమే కాక చట్టముచేతను పరుల సొత్తుగా నుండి, తన్ను తాను వెలయిచ్చి కొనుక్కొని, ఉపాధ్యాయినిగను, వ్యాపారము నడపిన దక్షురాలుగను, బొంతలు కుట్టిన శిల్పినిగను జీవించి, తుదకు పరుల పేరుచాటుననే మఱుగుపడిన యొక స్త్రీ చరిత్ర ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణము. ఆమె ఎలిజబెత్ కెక్లీ. అమెరికా అధ్యక్షుడైన అబ్రహాము లింకను భార్యకు దుస్తులు కుట్టినదని లోకము ఆమెను ఎఱుగును. ఆ యొక్క వాక్యమే ఆమెకు దక్కిన కీర్తి. ఆమెకు జరిగిన అన్యాయమును అదియే.

ఆమె 1818వ సంవత్సరమున వర్జీనియా రాష్ట్రమునందలి డిన్‌విడీ ప్రాంతమున బానిసగా జన్మించెను. తల్లి ఆగ్నెస్ బర్వెల్ కుటుంబమువారి బానిస. కుట్టుపనియందు నేర్పరి, చదువను వ్రాయను వచ్చినది. జార్జి హాబ్స్ అను నతడు తన తండ్రియని నమ్మి ఎలిజబెత్ పెరిగెను. అతడు వేఱొక యజమాని బానిస. ఆ యజమాని పడమటికి తరలిపోవుచు అతనిని వెంటగొనిపోగా, ఆ దంపతులు మఱల కలిసికొనలేదు. అతడు వ్రాసిన ఉత్తరములను ఆ బిడ్డ పెద్దదైన పిమ్మటకూడ పెన్నిధివలె దాచుకొనెను. తన కన్నతండ్రి యజమానియైన ఆర్మిస్టెడ్ బర్వెలే యను సంగతి ఆమెకు తల్లివలన తరువాత తెలిసెను. నాలుగేండ్ల ప్రాయమున ఆమెకు ఒక పసిబిడ్డను ఊపు పని యొప్పగించిరి. ఉయ్యాల గట్టిగా ఊపుటచే బిడ్డ నేలబడగా, ఏమిచేయుటకు తోచక, నిప్పులు తీయు పారతో ఎత్తబోయినందుకు ఆ చిన్నదానిని కొరడాతో కొట్టించిరి.

యౌవనమున ఆమెను ఉత్తర కెరొలైనాలోని హిల్స్‌బరోకు పంపిరి. అచ్చట ఒక బడిపంతులు, యజమానురాలి ప్రేరణచే, ఏ నేరము లేకయే ఆమెను కొట్టబూనెను. కారణము చెప్పుమని ఆమె యడిగెను. చెప్పనిదే లొంగనని పెనుగులాడెను. కొన్ని వారములలో పలుమాఱులు ఇట్లు జరిగిన పిమ్మట, ఆ పంతులే కన్నీరు పెట్టుకొని, ఇక కొట్టుట పాపమని మానుకొనెను. ఆ యూరనే ఒక శ్వేతజాతీయుడు నాలుగేండ్లపాటు ఆమెను చెఱిచెను. ఆమెకు జార్జి యను కుమారుడు కలిగెను. ఈ సంగతిని ఆమె తన గ్రంథమున కొద్ది మాటలలోనే ముగించెను. తాను చేయని పాపమునకు తాను తలవంపవలసిన పనిలేదనియు, తన బిడ్డ పుట్టుకకు సిగ్గుపడవలసినది ఆ సమాజమే యనియు ఆమె యభిప్రాయము.

1847లో ఆమె యజమానులైన గార్లండు దంపతులు మిస్సౌరీ రాష్ట్రమునందలి సెయింట్ లూయిస్ నగరమునకు కాపురము మార్చిరి. అక్కడ వారికి దారిద్ర్యము సంప్రాప్తించెను. వృద్ధురాలైన ఆగ్నెసును పరులయింట కూలికి పెట్టవలెనని వారు తలచిరి. ముసలితనమున తల్లి క్రొత్తవారియింట చాకిరి చేయుట కంగీకరింపక, ఎలిజబెత్ తానే సూది చేతబట్టి ఊరిలోని గొప్పయిండ్ల స్త్రీలకు దుస్తులు కుట్టబూనెను. ఆ సూదియే 2 సంవత్సరముల 5 మాసములు 17 మందికి అన్నము పెట్టినది. ఆ 17 మందిలో ఆమె యజమానులును కలరు. ఎవరు ఎవరిని పోషించుచున్నారో చదువరులు గమనింతురు గాక. బానిసలు తమను తాము పోషించుకొనలేరు కావున వారికి యజమానులు అవసరమని వాదించిన కాలమది!

తన్నును తన కుమారుని విడిపించుకొనుటకు వెల యెంతయని ఆమె యజమాని నడిగెను. అతడు మొదట కసరెను. పిమ్మట జేబునుండి పావు డాలరు వెండి నాణెమును తీసి, స్వేచ్ఛయే కావలెనన్నచో ఈ డబ్బిచ్చి పడవలో మిస్సిసిప్పి దాటిపొమ్మనెను. ఆవలి యొడ్డున నున్న ఇల్లినాయి రాష్ట్రమున బానిసత్వము లేదు. దాటదలచినచో తానెప్పుడో దాటగలిగియుందుననియు, తనకు కావలసినది చట్టము సమ్మతించిన స్వేచ్ఛ యనియు చెప్పి ఆమె ఆ నాణెమును త్రోసిపుచ్చెను. తుదకు 1,200 డాలరులు వెలగా నిర్ణయమయ్యెను.

ఆ ధనము కూర్చుటకు న్యూయార్కు పోదలచగా, ఆమె తిరిగిరాకున్నచో నష్టమును తాము భరింతుమని ఆఱుగురు పెద్దమనుష్యులు చేవ్రాలు చేయవలెనని నిబంధన పెట్టిరి. ఐదుగురు చేసిరి. ఆఱవవాడైన ఫారో యను నతడు చేవ్రాలు చేయుటకు సిద్ధపడెను గాని, నీవు తిరిగిరావు, అక్కడివారు నిన్ను రానీయరు అని ఆమెతో ననెను. తన మాటయందు నమ్మకము లేనివాని చేవ్రాలు తనకు వలదని ఆమె తిరిగివచ్చెను. స్వేచ్ఛ ఒక్క చేవ్రాలు దూరమున నున్నపుడు ఈ తిరస్కారము! ఆ పిమ్మట లెబూర్జ్వా యను నొక గృహిణి, తన దుస్తులు కుట్టిన స్త్రీ యిట్లు పరులయొద్దకు యాచనకు పోనేల యని, తన స్నేహితురాండ్ర నుండి ధనము ప్రోగుచేసి తెచ్చెను. ఎలిజబెత్ దానిని దానముగా గాక అప్పుగా స్వీకరించి, 1855 నవంబరులో తానును కుమారుడును స్వతంత్రులై, కుట్టుపనితో ఆ యప్పునంతయు తీర్చెను.

ఇక్కడ నొక ధర్మసందేహము కలుగును. అన్యాయమైన చట్టమును అంతగా మన్నింపనేల? మనిషిని అమ్మునట్టి శాసనము శాసనమా? 1838లో పాఱిపోయి స్వతంత్రుడైన ఫ్రెడరిక్ డగ్లసు తప్పు చేసెనా? చేయలేదనియే మా నిశ్చయము. పాఱిపోయినవారు దొంగలు కారు. వారిని పట్టినవారే దొంగలు. అయినను ఎలిజబెత్ నడవడిని చట్టభీతియని తలచుట పొరపాటు. పడవ నాణెమును త్రోసివేసినపుడు ఆమె తన బిడ్డకు రేపు ఎవ్వరును ప్రశ్నింపలేని స్వేచ్ఛను కోరెను. ఆఱవ చేవ్రాలును త్రోసివేసినపుడు, తాను అమ్మకపు వస్తువుకాదనియు, మాటకు కట్టుబడు మనిషి యనియు నిరూపించెను. వస్తువునకు పూచీ కావలెను; మనిషికి నమ్మకము కావలెను. ఈ రెంటికిని గల భేదమును ఆమె ఎఱిగినంత స్పష్టముగ ఆనాటి న్యాయవాదులు ఎఱుగరైరి. సాహసమనగా కొండలెక్కుట, కడలి దాటుట యని మనము తలంతుము. అవమానకరమైన సహాయమును అక్కఱ మిక్కిలిగా నున్నప్పుడు కాదనుట అంతకంటె గొప్ప సాహసము.

1860లో ఆమె సెయింట్ లూయిస్ విడిచి బాల్టిమోరు చేరెను. దుస్తులను కత్తిరించి ఒంటికి కుదుర్చు తన పద్ధతిని నల్లజాతి యువతులకు నేర్పుటకు అచ్చట తరగతులు నడపబూనెను. తాను ముప్పది యేండ్లకుపైగా కష్టపడి సంపాదించిన విద్యను పంచిపెట్టవలెనని ఆమె తలచుట గమనింపదగినది. ఆ ప్రయత్నము ఫలింపలేదు. ఆఱు వారములు గడచునప్పటికి వాషింగ్టను పోవుటకు ప్రయాణపు ఖర్చులు మాత్రము చేతిలో మిగిలినవి. ఆ నగరమున, స్వతంత్రులైన నల్లవారు సైతము అనుమతిపత్రము లేక 10 దినములకు మించి నిలువరాదని చట్టము. ఆమెవద్ద దుస్తులు కుట్టించుకొన్న యొక స్త్రీ తోడ్పాటున ఆ గండమును దాటి, అచ్చట వ్యాపారమును స్థాపించెను.

అచిరకాలముననే రాజధానిలోని గొప్ప కుటుంబముల స్త్రీలు ఆమెకొఱకు వేచియుండుట మొదలిడిరి. తరువాత దక్షిణ రాష్ట్రములకు అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిసు భార్య వారిలో నొకతె. యుద్ధము రానున్నది, తమతో దక్షిణమునకు రమ్మని ఆమె పిలువగా కెక్లీ యంగీకరింపలేదు. 1861 మార్చిలో లింకను అధ్యక్షపదవి స్వీకరించినప్పటినుండి ఆయన భార్యయైన మేరీ లింకనునకు దుస్తులు కుట్టసాగెను. ఆ వసంతమునను గ్రీష్మారంభమునను 15, 16 దుస్తులను ఆమెకు సిద్ధపఱచెను. కొలతలు తీయుట, వెల నిర్ణయించుట, గడువునకు అందించుట, క్రింద పనిచేయు స్త్రీలకు కూలి యిచ్చుచు పని నేర్పుట, ఇవన్నియు ఆమెయే నిర్వహించెను. మనలో కొందఱు కుట్టుపనిని తీరికవేళ వినోదముగ ఎంతురు. ఆమెకది వృత్తి, లెక్క, పెట్టుబడి, పరువు.

ఆ సంవత్సరమే ఆగస్టు 10వ తేదీన మిస్సౌరీలోని విల్సన్స్ క్రీకు యుద్ధమున ఆమె యేకైక కుమారుడు జార్జి మరణించెను. అప్పటికి నల్లవారిని సైన్యమున చేర్చుకొనకుండుటచే, దేహచ్ఛాయ అనుమతించినందున, అతడు శ్వేతజాతీయునివలె పేరు వ్రాయించుకొని పోరాడెను. ఆఱు మాసములు గడచి 1862 ఫిబ్రవరి 20వ తేదీన లింకనుగారి కుమారుడు విల్లీ జ్వరముచే మరణింపగా, ఆ బిడ్డ దేహమునకు స్నానము చేయించి దుస్తులు తొడిగినది కెక్లీయే. విల్లీ మరణమును గ్రంథములు పలుమాఱులు వర్ణించినవి. ఆ బిడ్డకు దుస్తులు తొడిగిన చేతులు, తన కుమారునికి ఆ కడపటి యుపచారము చేయ నోచుకొనని తల్లి చేతులని చెప్పిన గ్రంథములు తక్కువ.

ఆమె దుఃఖమును పనిలోనికి మరల్చెను. యుద్ధకాలమున బానిసత్వమునుండి తప్పించుకొని వాషింగ్టను చేరిన వేలాది జనులు కూడు, గుడ్డ, నీడ లేక బాధపడుచుండిరి. గాయపడిన సైనికులకై శ్వేతజాతీయులు నిధి సేకరించుటను చూచి, నల్లవారు తమవారికై తామేల పూనుకొనరాదని ఆమె తన చర్చిలో ప్రతిపాదించెను. రెండు వారములలో 40 మంది సభ్యులతో సంఘ మేర్పడెను, ఆమెయే అధ్యక్షురాలు. 1862లో ఈ సంఘము స్థాపితమైనది. మేరీ లింకను 200 డాలరులు ఇచ్చెను, డగ్లసు తోడ్పడెను. దయ పైవారినుండి క్రిందికి దిగునది మాత్రమే కాదనియు, కష్టపడినవారే కష్టపడువారిని ఆదుకొనగలరనియు ఆమె చూపెను.

ఇక బొంత సంగతి. ఒహాయో రాష్ట్రమునందలి కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలలో కెక్లీ కుట్టినదని ప్రసిద్ధిగాంచిన యొక పట్టుబొంత కలదు. నడుమ గ్రద్దబొమ్మయు, ‘స్వేచ్ఛ’ యను అర్థముగల ఆంగ్లపదమును కుట్టబడియున్నవి. మేరీ లింకను దుస్తులు కుట్టగా మిగిలిన పట్టుముక్కలతో దానిని కుట్టెనని చెప్పుదురు. మన యిండ్లలోను పాతచీరలను పొరలుపొరలుగా పఱచి, అంచులు మడిచి, వరుసగా కుట్లువేసి పెద్దవారు బొంతలు కుట్టుదురు. చంటిబిడ్డ క్రింద పఱచుటకు మెత్తని బొంతను మించినది లేదందురు. ఆ బొంతను చేతబట్టి ఈ ముక్క పెద్దమ్మ పెండ్లిచీర, ఈ యంచు మేనత్త చీరది అని గుర్తుపట్టి సంతసింతుము. కుట్టిన చేయి యెవరిదని యడుగువారు అరుదు. కెక్లీ బొంత విషయమునను ఇదియే జరిగెను. అధ్యక్షుని భార్య కట్టిన పట్టు అని దానిని చూడవచ్చువారు పలువురు. బట్ట ఆమె కట్టినదే కావచ్చును. కాని దానిని బొంతగా చేసినది కుట్టు. ఒకరు విడిచిన ముక్కలను ఏఱి, కూర్చి, నడుమ స్వేచ్ఛయను మాటను నిలిపిన బుద్ధి యెవరిదో, బొంత వారిది.

కెక్లీ జీవితమున మిక్కిలి వివాదగ్రస్తమైన కార్యము ఆమె 1868లో ప్రకటించిన స్వీయచరిత్ర. అందు తాను 30 సంవత్సరములు బానిసగను, 4 సంవత్సరములు శ్వేతసౌధమునను గడపిన వృత్తాంతమును చెప్పెను. అంతకు ముందటి సంవత్సరమున, విధవయై అప్పులపాలైన మేరీ లింకను తన దుస్తులను న్యూయార్కులో అమ్మజూచి పత్రికల నిందకు గుఱియయ్యెను. ఆమెకు తోడుగా కెక్లీ తన వ్యాపారమును నిలిపి న్యూయార్కు పోయెను. మేరీ పక్షమును లోకమునకు తెలుపుటయు తన గ్రంథోద్దేశములలో నొకటియని ఆమె చెప్పుకొనెను. కాని గ్రంథము వెలువడినతోడనే కోలాహలము చెలరేగెను. ఇంటిగుట్టు రట్టుచేసినదని పత్రికలు దూషించెను. ఆమెను ఎగతాళిచేయుచు నొక వికటానుకరణము వెలువడెను. మేరీ లింకను స్నేహమును త్రెంచుకొనెను. గొప్పయిండ్లవారు ఆమె దుకాణమునకు వచ్చుట తగ్గించిరి.

ఆమె చేసినది తప్పా? పనిచేసిన యింటి రహస్యమును బయటపెట్టుట విశ్వాసఘాతుకమని పెద్దలందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ముఖ్యముగా, మేరీ తనకు వ్రాసిన స్వంత లేఖలు ఆ గ్రంథాంతమున అచ్చయినవి. ప్రకాశకులకు చూపుటకై యిచ్చిన లేఖలను వారు ఆమె యిష్టమునకు భిన్నముగా అచ్చువేసిరని ఆమె పక్షమువారు చెప్పుదురు. అది యెట్లున్నను, దుఃఖముతో చిత్తము చెదరిన యొక స్త్రీ నమ్మి వ్రాసిన లేఖలు బజారుకెక్కుట నొప్పి కలిగించునదే. స్నేహితురాలిని రక్షింపబూని ఆమెను గాయపఱచుట కలదు. ఆ గాయమును మేము లేదనము.

కాని ఆక్షేపించినవారు మొఱపెట్టినది ఈ లేఖలనుగూర్చి మాత్రమే కాదు. కుట్టుపనిచేయునది, అందులోను నల్లది, ఒకనాడు బానిసయైనది, తాను చూచినదానిని తన పేరుతో చెప్పుటయే వారికి సహింపరానిదయ్యెను. మేరీని అంతకుముందే పరిహసించిన పత్రికలకు ఆమె గుట్టుపై హఠాత్తుగా కలిగిన గౌరవము ఎక్కడిది? ఆ గ్రంథమున ఉన్నవి శ్వేతసౌధపు 4 సంవత్సరములు మాత్రమే కావు. బానిసత్వపు 30 సంవత్సరములును కలవు. పసిబిడ్డకు తగిలిన కొరడాదెబ్బలను, విడిపోయిన దంపతులను, నాలుగేండ్ల బలాత్కారమును చదివి మండిపడవలసినవారు, అధ్యక్షుని భార్య అప్పులను చదివి మండిపడిరి. యజమానుల గుట్టు దాచుట నీతియైనచో, సేవకుల దేహమును, బిడ్డలను, కష్టార్జితమును కాపాడుట అంతకంటె పెద్ద నీతి. ఒకవైపువారు ఆ పెద్ద నీతిని మీఱి, రెండవవైపువారిని ఆ చిన్న నీతికి బద్ధులను చేయుట విశ్వాసమనిపించుకొనదు; అది మౌనమును పన్నుగా గుంజుకొనుట. తన జీవితమును చెప్పుకొనుటకు ప్రతి మనిషికిని హక్కు కలదు. ఆ జీవితము పరుల యింట గడచినంతమాత్రమున ఆ హక్కు ఆ యింటివారిది కాజాలదు.

ఆ హక్కును ఆమె ద్వేషముతో వాడలేదనుటకు ఆ గ్రంథమునందలి యొక ఘట్టమే సాక్ష్యము. యుద్ధానంతరము 1866లో ఆమె తన పూర్వపు యజమానురాలైన ఆన్ గార్లండును చూడబోయెను. వారు ఆదరముతో స్వాగతమిచ్చిరి. తనయెడ ఎప్పుడును మంచి మనస్సే కలదా యని ఆన్ అడుగగా, తనకొక్క విషయముననే కొఱత కలదనియు, తనకు చదువు చెప్పింపకపోవుటయే ఆ కొఱత యనియు ఎలిజబెత్ బదులిచ్చెను. అది నిజమేయని ఆన్ ఒప్పుకొనెను. ఈ సంభాషణము పలుమాఱులు తలపోయదగినది. ఎలిజబెత్ ప్రేమను దాచలేదు, లెక్కను మఱువలేదు. బాకీని క్షమతో కప్పిపుచ్చలేదు. బాకీ యున్నదని ప్రేమను చంపుకొనలేదు. న్యాయమైన స్మరణ ఎట్లుండవలెనో ఆమెయే మనకు నేర్పినది.

తనకు దక్కని చదువునుగూర్చి అంత బాధపడిన యామె తుదకు విద్యాలయముననే స్థానము పొందెను. ఆమె కుమారుడు చదివిన విల్బర్‌ఫోర్సు విశ్వవిద్యాలయమున, 1892లో, కుట్టుపని, గృహవిజ్ఞాన శాఖకు ఆమెను అధిపతిగా నియమించిరి. అప్పటికి ఆమెకు 74 సంవత్సరములు. బాల్టిమోరులో విఫలమైన కోరిక ముప్పది రెండేండ్లకు ఇట్లు ఫలించెను. పిమ్మట ఆరోగ్యము చెడగా వాషింగ్టను చేరి, దిక్కులేని నల్లజాతి స్త్రీలకును పిల్లలకును నెలకొల్పిన యొక ఆశ్రమమున కడపటి దినములు గడపి, 1907 మే 26వ తేదీన మరణించెను.

అటుపిమ్మట జరిగినది వినుడు. ఆమె మరణించి ముప్పదియేండ్లైనను నిండకముందే, 1935లో, ఎలిజబెత్ కెక్లీ యను స్త్రీ యెన్నడును లేదనియు, ఆ గ్రంథమును ఒక శ్వేతజాతి రచయిత్రి వ్రాసెననియు నొక పత్రికారచయిత ప్రకటించెను. తన్ను తాను 1,200 డాలరులకు కొనుక్కొన్న మనిషిని, ఒక్క కలపుపోటుతో లేనిదానిగా చేసిరి! ఆమె నెఱిగిన వృద్ధులు ఇంకను జీవించియుండుటచే నిజము నిలిచినది. వాషింగ్టను పాఠశాలలో ఉపాధ్యాయుడైన జాన్ ఇ. వాషింగ్టను అను నల్లజాతీయుడు అట్టివారిని వెదకి, వారి నోట విన్నదానిని కూర్చి 1942లో గ్రంథముగా ప్రకటించెను. 1960లో ఆమె సమాధియున్న శ్మశానమును అచ్చటనుండి తొలగించి, అస్థులను మేరీలాండునకు తరలించినపుడు, ఆమె చోటికి గుర్తైనను లేకపోయెను. 2010లో మాత్రమే ఆమె పేరుగల శిలను నిలిపిరి. ఆ పేరునందును చిక్కు కలదు: ఆమె చేవ్రాలులోని అక్షరములకంటె గ్రంథముపై అచ్చైన పేరులో ఒక అక్షరము అధికముగా నున్నది. తన పేరును తానెట్లు వ్రాసుకొనెనో దానిని సైతము లోకము సరిగా నిలుపుకొనలేదు.

కావున స్మరణము ప్రీతికి మాత్రమే సంబంధించినది కాదని మా సిద్ధాంతము. ప్రీతి మనకు నచ్చినవారిని నచ్చినట్లు తలచుకొనును. న్యాయము ప్రతివారిని వారి జీవితమునకు వారినే యజమానులుగా తలచుకొనవలెననును. చనిపోయినవారికి మన స్మరణవలన లాభమేమని అడుగువారు కలరు. వారికి లాభము కలిగినను కలుగకున్నను, వారి శ్రమఫలమును మన మనుభవించుచున్నాము. ఇతరుల శ్రమను మన పూర్వుల ఖాతాలో వ్రాసికొని గర్వించుట బాకీ యెగగొట్టుటయే. అంతేకాక, లేదన్నవారి నోరు మూయించినది రాతిశాసనము కాదు, చూచినవారి జ్ఞాపకము. ఆ వృద్ధులు మఱికొన్ని యేండ్లు ముందుగా కన్నుమూసినచో ఆ యబద్ధమే చరిత్రయై యుండును.

స్మరించువారు పాటింపవలసిన విధులు మూడని మాకు తోచుచున్నది. మొదటిది, పేరు చెప్పుట: ఫలానివారి వంటమనిషి, ఫలానివారి కుట్టుమనిషి అని కాక, వారి పేరుతో వారిని పిలుచుట. రెండవది, పని చెప్పుట: మంచిది, ఓర్పుగలది, నవ్వుమొగముది అను పొగడ్తలతో తృప్తిపడక, ఏమి చేసెను, ఎంత సంపాదించెను, ఎవరికి నేర్పెను, ఎవరిని పోషించెను అని లెక్కతో చెప్పుట. మూడవది, చిక్కులను దాచకుండుట: వారి పంతములను, పొరపాటులను, వారికి మనవారివలన కలిగిన అన్యాయమును సైతము చెప్పుట. మచ్చలేని విగ్రహముగ నిలిపినచో పూజింపవచ్చును గాని ఎఱుగజాలము.

చదువరులారా! ఈ విధులను నెఱవేర్చుటకు అమెరికా పోనక్కఱలేదు. పెట్టెలోని పాతబొంతను ఎవరు కుట్టిరో ఇంటిలో పెద్దవారిని నేడే అడుగుడు. వితంతువై పుట్టినింట చేరి పదిమంది పిల్లలకు చదువు చెప్పిన మేనత్త పేరేమి? అప్పడములు, వడియములు అమ్మి కొడుకును పట్టణమున చదివించిన పొరుగింటి ముత్తవ్వ పేరేమి? మీ యింటి పిల్లలను ఎత్తి పెంచిన దాది పేరేమి? ఆమె పిల్లలను ఆ సమయమున ఎవరు ఎత్తుకొనిరి? తెలిసినదానిని, ఒక్క పుటయైనను, తేదీవేసి వ్రాసి యుంచుడు. చెప్పగలవారు జీవించియుండగానే ఆ పని చేయవలెను. ఎలిజబెత్ కెక్లీ తాను పుచ్చుకొన్న ప్రతి డాలరును తీర్చివేసెను. ఆమెవంటివారికి మనము పడియున్న బాకీని తీర్చుట యిప్పుడు మన వంతు.